బోణి చెయ్యి

మధ్యాహ్నం ఎండకు వీధంతా నోరు మూసుకున్నాక మద్దమ్మ చెయ్యి పనికి పోతుంది.

కుడిచెయ్యి. మణికట్టు పైనుంచి లేని చెయ్యి. ఆసుపత్రిలో తీసేసి ఏడాది కావస్తోంది. అయినా రేకుల ఇంట్లో చాప మీద ఆమె కన్ను మూయడం ఆలస్యం, అది ఎక్కడి నుంచో వచ్చి తన చోట తాను అతుక్కుంటుంది. ఒకసారి వేళ్ళు విదిలించుకుని మిల్లు దారి పడుతుంది. బడికి పోయే బిడ్డ వెంట తల్లి నడిచినట్టు మద్దమ్మ దాని వెంట నడుస్తుంది.

మిల్లులో ఎవరూ ఉండరు. పైకప్పు సందుల్లోంచి వెలుతురు వాసాల్లాగా దిగి ఉంటుంది. ఆ వెలుతురులో దూదినూగు తేలుతూ ఉంటుంది గానీ కింద పడదు. పత్తిలోంచి గింజను విడదీసే జిన్నులు వరసగా, చప్పుడు లేకుండా, నీళ్ళ అడుగున తిరుగుతున్నట్టు తిరుగుతుంటాయి. చెయ్యి పోయి గుప్పెడు పత్తి తీస్తుంది. వెచ్చగా ఉంటుంది పత్తి, అప్పుడే లేచిపోయిన కోడి కింద గంపలాగా. సరిగ్గా అప్పుడు వెనక నుంచి ఎవరో మెత్తగా పిలుస్తారు.

"అక్కా!"

ఆ పిలుపుకు మెలకువ వచ్చేస్తుంది. పిడికిట్లో పత్తి మెత్తదనం ఇంకా ఉంటుంది. పిడికిలి ఉండదు.

మద్దమ్మ ఊరు ఆదోనికి దగ్గరే. చుట్టూ నల్లరేగడి. నాలుగు చినుకులు పడితే పత్తి, పడకపోతే ఆకాశం. మొగుడు ఉరుకుందుకు తండ్రి వదిలిపోయిన చేను కొంచెం ఉంది. అది పెట్టే తిండి కన్నా చెప్పే పని ఎక్కువ. దసరా దాటితే ఇద్దరూ మిల్లుకు పోతారు, ఆమె జిన్ను ముందుకు, అతను పత్తి బోరాలు మోయడానికి. మిల్లులో పని మందగించగానే మూటా ముల్లే కట్టుకుని గుంటూరు వైపు మిరపకాయ కోతలకు. వానలకు మళ్ళీ ఊరు.

ఇలాంటివాళ్ళను మిల్లులో సీజను మనుషులంటారు. సీజను ఉన్నంతవరకే మనుషులని అర్థం. మిగతా నెలల్లో వాళ్ళు ఏమవుతారో మిల్లుకు తెలియదు, తెలుసుకోవాలని మిల్లుకు ఏనాడూ తోచలేదు.

మద్దమ్మ మాత్రం తనను సీజను మనిషిగా అనుకోలేదు. అందరికీ కూలి ఉంటే ఆమెకు బొట్టు ఉంది.

ఆ బొట్టు కథ ఆమె పెళ్ళయి కొత్తగా మిల్లుకు పోయిన ఏడు మొదలైంది. మిల్లు తెరిచే పూజనాడు మొదటి గుప్పెడు పత్తి జిన్నులో వెయ్యాల్సిన ముత్తయిదువ సమయానికి రాలేదు. ముహూర్తం దాటిపోతోందని పెద్ద సావుకారి పుల్లయ్య ఎదురుగా నిలబడ్డ కొత్తకోడలిని చూసి, "నువ్వు వెయ్యమ్మే" అన్నాడు. ఆమె వేసింది. ఆ ఏడు పత్తి ధర ఎగిరింది. ఎందుకు ఎగిరిందో పేపర్లు చాలా కారణాలు రాశాయి. పుల్లయ్య మాత్రం మద్దమ్మ చెయ్యి అన్నాడు.

అప్పటి నుంచీ అది బోణి చెయ్యి. పూజకు ముందురోజు సావుకారి భార్య నాగలక్ష్మమ్మ కారులో వచ్చేది. కారు సందు మొదట్లో ఆగేది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, కాలవలు దాటుకుని, కుంకుమ భరిణెతో మద్దమ్మ గడప ముందు నిలబడేది. "నువ్వు మా ఇంటి ఆడపడుచువి మద్దమ్మా. రేపొచ్చి నీ చేత్తో బోణీ చెయ్యాల" అని బొట్టు పెట్టేది. సందులోని ఆడవాళ్ళంతా తలుపుల్లో నిలబడి చూసేవాళ్ళు. ఆ ఒక్క పొద్దుటి కోసం మద్దమ్మ ఏడాదంతా ఎవరెన్ని మాటలన్నా పడేది.

నాగలక్ష్మమ్మ ఏనాడూ గడప దాటి లోపలికి రాలేదు. పూజ అయ్యాక చుట్టాలకు మేడ మీద ఆకులు వేస్తే, ఆడపడుచుకు మాత్రం గేటు దగ్గర పొట్లం కట్టి ఇచ్చేవాళ్ళు. మద్దమ్మ ఇవి గమనించలేదని కాదు. గమనించినా లోపలికి తీసుకోకుండా ఉంటేనే కొందరి బతుకులు నడుస్తాయి.

మామూలు రోజుల్లో ఆమె చీర మీద ఉరుకుందు పాత చొక్కా తొడుక్కుని గుండీలన్నీ పెట్టుకుని పని చేసేది. అక్కడ ఆడవాళ్ళంతా అంతే. కొంగు ఎగిరి రోలరులో పడకుండా ఆ చొక్కా కాపలా. పూజనాడు మాత్రం చొక్కా ఉండదు. ఆడపడుచు చొక్కా వేసుకుని వస్తుందా! సావుకారి ఇంటివాళ్ళు పెట్టిన కొత్త చీర, జారిపోయే నైలాను చీర, అక్కడికక్కడే కట్టుకుని జిన్ను ముందుకు పోవాలి.

పోయిన దసరా తర్వాత జరిగింది అదే. పుల్లయ్య అప్పటికి మంచాన పడ్డాడు, కొడుకు భూపేష్ మిల్లు చూస్తున్నాడు. కొబ్బరికాయ కొట్టారు. మద్దమ్మ బోణీ వేసింది. దూది నురగలా బయటికి వచ్చింది, అందరూ ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఆ తర్వాతది మద్దమ్మ ఊళ్ళో అందరికీ ఒకే రకంగా చెప్పింది. మూడో జిన్ను బిగుసుకుందట. భూపేష్ "అక్కా, కొంచెం చూడవా" అన్నాడట. తమ్ముడు అడిగినట్టు అడిగాడు గదా అని ఆమె పోయింది. వంగింది. పచ్చటి కొంగు భుజం మీద నుంచి జారి రోలరు నోట్లో పడింది. కొంగు వెంట చెయ్యి పోయింది.

పైకప్పు కింద దూదినూగు అప్పటికీ తేలుతూనే ఉందని, కొంచెం ఎర్రబడి భలే అందంగా కనిపించిందని ఆమె చెప్పేది. విన్నవాళ్ళు ముఖం తిప్పుకునేవాళ్ళు.

ఆసుపత్రి ఖర్చు భూపేష్ భరించాడు. ఒక బియ్యం మూట పంపాడు. ఆ పైన మిల్లు గేటు మామూలుగా మూసుకుంది. మద్దమ్మ ఎడమచేత్తో జొన్నరొట్టె తట్టడం నేర్చుకుంది. రొట్టె ఏ ఆకారంలో వచ్చినా ఉరుకుందు మెచ్చుకునేవాడు.

"ఈ పొద్దు ఆంధ్రా పటం మాదిరి వచ్చిండాదిమే."

"తిను. తెలంగాణా రేపు చేస్తా."

పక్క జిన్ను మీద పనిచేసే అంజలి ఊరుకోలేదు. అంజలి పదో తరగతి దాకా చదివిన పిల్ల, ఫోనులో ఏవేవో వింటూ ఉంటుంది. "అక్కా, సీజను మనుషులకు గూడా చట్టముండాది. చెయ్యి పోతే మిల్లోళ్ళు కట్టియ్యల్ల. బియ్యం మూటతో పోయేది కాదు" అని, ఆమెను కర్నూలుకు లాక్కుపోయి స్వర్ణలత అనే వకీలు ముందు కూర్చోబెట్టింది. కార్మికశాఖ అధికారి దగ్గర కేసు పడింది. కొన్నాళ్ళకు మిల్లు తరఫు జవాబు వచ్చింది. స్వర్ణలత దాన్ని పైకి చదివింది.

మద్దమ్మ తమ పనిమనిషి కాదని మిల్లువాళ్ళు రాశారు. ఆ రోజుకు సీజను మొదలు కాలేదు, ఎవరినీ పనిలోకి తీసుకోలేదు. ఆమె ఏటా తమ ఇంటి ఆడపడుచు వరసలో బొట్టు పెట్టి పిలిస్తే వచ్చే అతిథి. యంత్రం దగ్గరికి తనంతట తాను పోయింది.

మద్దమ్మ ముఖం వెలిగిపోయింది.

"ఆడపడుచు అనే రాసినారా తల్లీ?"

"అవును."

"గవర్నమెంటు ఆఫీసులో ఇచ్చే కాయితం మీదనే?"

"దాని మీదే."

"ఇంగోసారి సదువు."

స్వర్ణలత కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "చూడమ్మా, ఇది నిన్ను గౌరవించడానికి రాసింది కాదు. నీకేమీ ఇవ్వక్కర్లేదని చెప్పడానికి రాసింది. సీజను కూలి అయినా, ఒక్కరోజు కూలి అయినా, వాళ్ళ పని చేస్తూ దెబ్బ తగిలితే వాళ్ళే పరిహారం కట్టాలి. పూజ చూడ్డానికి వచ్చిన చుట్టానికి అట్లా కట్టాల్సిన పని లేదు. అందుకే నిన్ను చుట్టాన్ని చేశారు."

"అయితే నేను కూలిదాన్నని చెప్పల్లనా?"

"నువ్వు కూలికే కదా పోయేది?"

"బొట్టు పెట్టి పిలిచినారు తల్లీ" అంది మద్దమ్మ, అంతకన్నా ఏం చెప్పాలో తెలియక.

"సరే. జిన్ను చూడమని ఎవరన్నారు? ఏమన్నారు? ఆ మాట ఉన్నదున్నట్టు అధికారి ముందు చెప్పు. కేసు ఆ ఒక్క మాట మీద ఉంది."

మద్దమ్మ తన ఒడిలోకి చూసుకుంది. లేని చేతి వేళ్ళు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. ఆమెకు తెలుస్తోంది, ఎవరికీ కనిపించడం లేదు.

వాయిదాల మీద వాయిదాలు పడి మళ్ళీ దసరా వచ్చింది. మద్దమ్మను అధికారి విచారించే రోజుకు ముందు ఒక మధ్యాహ్నం సందు మొదట్లో కారు ఆగింది. నాగలక్ష్మమ్మ వచ్చింది, కుంకుమ భరిణెతో. మద్దమ్మ ఇంకా నిద్రమత్తులోనే ఉంది. చెయ్యి అప్పుడే మిల్లు నుంచి వచ్చిందేమో, వేళ్ళ చివర నూగు అంటుకున్నట్టే ఉంది. ఇది మెలకువో కాదో తెలియకుండానే గడప దగ్గరికి పోయి నుదురు ముందుకు వంచింది.

"ఈ యేడు గూడా నువ్వు రావాల మద్దమ్మా" అంది నాగలక్ష్మమ్మ, బొట్టు పెడుతూ. "చెయ్యి పోతే ఏమి, మనిషివి ఉండావు గదా. మా భూపేషు చిన్నప్పట్నుంచి నిన్ను అక్కా అనే గదా పిలిచేది. ఆ ఆఫీసరు అడిగితే అదే చెప్పు. మా ఇంటి ఆడబిడ్డనని చెప్పు. అక్క అనిపించుకున్నదాన్ని తమ్ముడు గాలికి వదిలేస్తాడా?"

గొంతులో నిజంగానే తడి ఉంది. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఆ మాటల్లో ఎంత ప్రేమో ఎంత బేరమో ఆవిడకే తెలిసి ఉండదు.

తర్వాత తాంబూలం ఇవ్వబోయింది. మద్దమ్మ ఎడమచెయ్యి చాపింది, ఉన్నది అదే కాబట్టి. నాగలక్ష్మమ్మ చెయ్యి గాలిలో ఆగిపోయింది. శుభకార్యపు ఆకూ వక్కా ఎడమచేతిలో పెట్టడమెట్లా! ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, వంగి, తాంబూలాన్ని గడప మీద పెట్టి, చీర సర్దుకుని వెళ్ళిపోయింది.

మద్దమ్మ గడప మీదికి వంగింది. కుడిచెయ్యి ముందుకు పోయింది, అలవాటు ప్రకారం. పోయి, తాంబూలాన్ని అందుకోలేక, తిరిగి వచ్చింది.

విచారణ రోజు మొగుడూ పెళ్ళాం కర్నూలు బస్సెక్కారు. అది కూలికి పోవాల్సిన రోజు. అయినా ఆమెను ఒంటరిగా పంపడానికి ఉరుకుందుకు మనసొప్పలేదు. కోడుమూరు దాటాక కిటికీలోంచి పత్తిచేలు మొదలయ్యాయి. కాయలు పగిలి చేనంతా తెల్లతెల్లగా ఉంది. మద్దమ్మ రెప్పలు వాలాయి. బస్సు ఆ తెలుపు మీద తేలుతూ పోతున్నట్టుంది. దారిపక్క ఎవరెవరో ముత్తయిదువలు భరిణెలు పట్టుకుని నిలబడి, ఆమె దాటిపోతుంటే వంగి దండం పెడుతున్నారు. "అక్కా" అని వినబడింది.

"మే."

పక్కనుంచి ఉరుకుందు. ముందు సీటు కమ్మీ పట్టుకుని రోడ్డు వైపు చూస్తున్నాడు.

"ఆ పొద్దు నేను తలుపుకాడనే ఉన్న్యా. బోరం దింపుతాంటి."

"ఏ పొద్దు?"

"ఆయప్ప నిన్ను అక్కా అన్లేదు."

మద్దమ్మ కిటికీ వైపు తిరిగింది. "నీకు చెవుల్లో దూది."

"ఉంటే బాగుండు" అన్నాడు ఉరుకుందు.

అధికారి గది చిన్నది. పైన ఫ్యాను ఒక వైపు ఒరిగి తిరుగుతోంది. భూపేష్ ఇస్త్రీ చొక్కాలో, తన వకీలు పక్కన కూర్చున్నాడు. మద్దమ్మను చూసి లేవబోయి కూర్చున్నాడు. ఆ లేవబోవడం ఆమె మనసుకు తగిలింది. తమ్ముడే, అనుకుంది.

మిల్లు వకీలు చాలా మర్యాదస్తుడు.

"మద్దమ్మగారూ, నాగలక్ష్మమ్మగారు మిమ్మల్ని బొట్టు పెట్టి పిలిచారు, అవునా?"

"అవ్ సార్."

"కూలికి రమ్మని పిలిచారా, పూజకు రమ్మని పిలిచారా?"

"పూజకే సార్."

"చీర పెట్టారు."

"పెట్టినారు. పచ్చచీర."

స్వర్ణలత చేతిలో కలం ఆగింది. గోడకు ఆనుకుని నిలబడ్డ ఉరుకుందు తల వంచుకున్నాడు.

వకీలు అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ మాట తియ్యగా సాగుతున్నప్పుడు ఇంకొంచెం తీపి కలపాలనిపిస్తుంది మనిషికి. "భూపేష్ గారు మిమ్మల్ని ఏమని పిలుస్తారమ్మా?" అని అడిగాడు నవ్వుతూ.

మద్దమ్మ నోరు తెరిచింది. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట, ఏడాదిగా నిద్రలో విన్న మాట. ఫ్యాను కిర్రుమంది. గది గోడలు పలచబడ్డాయి. పైనుంచి వెలుతురు దిగింది, నూగు తేలింది. కొబ్బరినీళ్ళ వాసన. భుజం మీద కొత్త నైలాను జారుడు. వెనక నుంచి పిలుపు వస్తోంది. ఈసారి ఆమె ఆ పిలుపుకు మేలుకోలేదు. ఆగి పూర్తిగా విన్నది. అది మెత్తగా లేదు.

"యాడ సార్?" అంది.

"ఏమిటమ్మా?"

"పూజకాడనా, జిన్నుకాడనా? యాడ పిలిచింది అడుగుతాండావు?"

అధికారి తలెత్తాడు. "రెండూ చెప్పమ్మా."

"పూజలో అక్కా అన్న్యాడు సార్. చుట్టాలందరూ ఉండిరి. కాయ కొట్టినంక చుట్టాలు మేడ మీదికి పోయిరి. మూడో జిన్ను బిగుసుకున్న్యాది. ఆయప్ప కుర్చీలో నుంచే అరిసినాడు. ఏయ్ మద్దీ, ఏం చూస్తాండావే నిలబడి, చెయ్యి పెట్టి తియ్యి పో, అన్న్యాడు."

ఆమె గొంతు పెద్దగా లేదు. చెప్పి, కొంగుతో నుదురు తుడుచుకుంది. ఎడమచేత్తో తుడవడం వల్ల బొట్టు పక్కకు సాగింది.

"అదిగూడా మామూలే సార్. సీజనంతా అట్లనే అంటాడు. కూలోళ్ళను అట్లనే అంటారు గదా."

అధికారి భూపేష్ వైపు తిరిగాడు. "అన్నారా?"

భూపేష్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. అబద్ధం చెప్పే వేగం అతనికి ఇంకా రాలేదు. "గుర్తులేదు సార్. మిల్లులో చప్పుడు... అలవాటుగా అనుంటాను."

అలవాటుగా. ఆ మాటను అధికారి నోటితో ఒకసారి పలికి చూసి, రాసుకున్నాడు.

బయట వరండాలో భూపేష్ వెనకనుంచి వచ్చి, "అక్కా" అన్నాడు. అతనికి ఏమి చెప్పాలనుందో! మద్దమ్మ ఆగి, "చెప్పు సామీ" అంది. చుట్టానికి ఎవరూ సామీ అనరు. అతను కారు వైపు నడిచాడు.

తిరుగు బస్సులో ఆమె పొగిలి పొగిలి ఏడ్చింది. చెయ్యి పోయిననాడు కూడా అంత ఏడవలేదు. ఉరుకుందు ఓదార్చలేదు. బస్టాండులో కొన్న జామకాయ కొరికి సగం ఆమె ఎడమచేతిలో పెట్టాడు.

తీర్పు కొన్ని వారాలకు వచ్చింది. ఆ రోజు మద్దమ్మ మిల్లు పని మీదే ఉందని, యజమాని చెబితేనే జిన్నులో చెయ్యి పెట్టిందని, సీజను మొదలు కాలేదన్న మాట చెల్లదని, పరిహారం మిల్లే కట్టాలని. మిల్లు పైకోర్టుకు పోవచ్చునని, పోయినా ఈ తీర్పు గట్టిదేనని స్వర్ణలత చెప్పింది. మద్దమ్మ తలూపింది. కాగితం చదవమని అడగలేదు. అందులో ఆడపడుచు అన్న మాట ఉండదని ఆమెకు తెలుసు.

ఆ ఏడు వానలకు పత్తి తడిసి మిల్లు ఆలస్యంగా తెరిచారు. పూజ ముందురోజు సందు మొదట్లో కారు ఆగింది. నాగలక్ష్మమ్మ కుచ్చిళ్ళు ఎత్తుకుని కాలవలు దాటింది, మద్దమ్మ ఇల్లు కూడా దాటింది.

మర్నాడు పొద్దున్నే అంజలి వచ్చింది, నుదుట కుంకుమ, కళ్ళల్లో దొంగతనం చేసినట్టు బెదురు.

"నన్ను పిలిచినారక్కా, బోణీకి. నీకు కోపమా?"

"ఏమని పిలిచినాది ఆయమ్మ?"

"మా ఇంటి బిడ్డ మాదిరి అన్న్యాది."

"చీర?"

"ఆడ ఇస్తారంట."

మద్దమ్మ లోపలికి పోయి, దండెం మీద నుంచి చొక్కా తెచ్చింది. ఉరుకుందు పాత చొక్కా, ఇన్నేళ్ళు ఆమె జిన్ను ముందు తొడుక్కున్నది. ఎన్నిసార్లు ఉతికినా అతుకుల్లో దూదినూగు పోలేదు.

"వాళ్ళిచ్చే చీర కట్టుకో. దాని మీద ఇది ఏసుకో."

"పూజకు చొక్కానా? నగుతారక్కా!"

"నగనీ. నువ్వు పోతాండేది కూలికి. బోణీ అయినంక కూలి రాసుకొమ్మని నోరు తెరిసి అడుగు. బొట్టు పెట్టిచ్చుకోని కూలి అడిగితే బొట్టేం రాలిపోదు."

అంజలి నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆపుకుంది. చొక్కాలో చేతులు దూర్చింది. వదులుగా ఉంది. కొంగును లోపలికి నెట్టి మద్దమ్మ గుండీలు పెట్టడం మొదలుపెట్టింది. ఏడాదిగా ఒంటిచేత్తో గుండీ పెట్టడం ఆమెకు పెద్ద యుద్ధం. బట్ట జారిపోయేది, కాజా పారిపోయేది. ఈ పొద్దు బట్ట కదలకుండా నిలబడింది. ఇంకో చెయ్యి ఎక్కడి నుంచో వచ్చి చొక్కా అంచును గట్టిగా పట్టుకుంది. వెచ్చగా ఉంది ఆ చెయ్యి, నూగు నూగుగా. మద్దమ్మ దాని వైపు చూడలేదు, చూస్తే పోతుందని. మెడ దాకా ఒక్కో గుండీ పెట్టుకుంటూ పోయింది.